లిన్ గారి ధూపం ముగ్గులో నేను వేలు పెట్టిన సంగతి

అమెరికా వెళ్ళొచ్చినవాళ్ళు నయాగరా గురించి రాస్తారు. నేను నయాగరా చూడలేదు. నేను చూసింది ఒక పళ్ళెంలో బూడిద, ఆ బూడిద మీద ఒక ముగ్గు, ఆ ముగ్గు ఎదురుగా నోరు మూసుకుని కూర్చున్న మా మరిది శేఖర్. మా మరిదిని ఎరిగినవాళ్ళెవరికైనా ఇది నయాగరా కంటే పెద్ద వింతే. దాన్ని చూడడానికి కారులో చాలా దూరం వెళ్ళాల్సి వచ్చింది. వెళ్ళాక నేనే సగంలో చెడగొట్టాను. కాకినాడ తిరిగొచ్చాక అడిగినవాళ్ళందరికీ చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టింది కాబట్టి రాసి పెడుతున్నాను. ఇకమీదట అడిగినవాళ్ళ చేతిలో కాగితాలు పెడతాను.

బాతెల్: ఒప్పందం

టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ముప్పై రెండేళ్ళు లైన్లు కలిపి రిటైరయ్యాక, 2011 వేసవిలో మా చెల్లెలు సుజాత ఇంట్లో నాలుగు నెలలు ఉందామని బాతెల్ వెళ్ళాను. సియాటిల్‌ని ఆనుకుని ఉన్న ఊరు. సుజాత అక్కడో ల్యాబ్‌లో పనిచేస్తుంది. శేఖర్ సాఫ్ట్‌వేర్. అతని చెవికి నల్లటి బ్లూటూత్ ఎప్పుడూ అంటుకుని ఉంటుంది. ఎవరితో మాట్లాడుతున్నాడో తెలియదు. ఒకరోజు "అది వర్కవుట్ కాదు, మొత్తం తీసేయండి" అంటే నేను పొయ్యి మీద కూర దించేశాను.

వాళ్ళకి ఒక్కతే కూతురు, మేఘన. పంతొమ్మిదేళ్ళు. కాలేజీలో మొదటి ఏడాది అయింది. తండ్రి దాన్ని ఫార్మసీలో చేర్పించాలనుకుంటుంటే, అది చైనావాళ్ళ ధూపం మీద మనసు పారేసుకుంది. క్లాసులో ఏదో పాత చైనా బొమ్మ చూపించారట.

"పెద్దమ్మా, ఆ పెయింటింగ్‌లో ఓల్డ్ మ్యాన్ కూర్చున్నాడు కదా, అతని పక్కన స్మోక్ వస్తుంది. అది ఏం స్మోక్ అని ఎవరూ ఆస్క్ చేయలేదు. నేను ఆస్క్ చేసాను" అంది నాతో.

ఆ అడగడం అడగడం దాని గది నిండా పొడులు, చెక్కలు, గిన్నెలు చేరాయి. అది అగరు చెక్క తెచ్చి తల్లి మిక్సీలో వేసి రుబ్బింది. వారం రోజులు ఆ ఇంట్లో ఇడ్లీ చట్నీ కూడా గుడి వాసన వేసింది. సుజాత ఏడవలేక నవ్వింది.

కాలిఫోర్నియా ఉత్తరాన, కొండల మధ్య ఒక చిన్న ఊళ్ళో, వెనకటికి బంగారం తవ్వడానికి వచ్చిన చైనా కూలీలు కట్టుకున్న తావో మతం గుడి ఒకటుంది. దాన్ని చూసుకునే లిన్ గారనే పెద్దావిడ పాత పద్ధతిలో ధూపం చేస్తుంది. ఒక్కో పాత బొమ్మకి ఒక్కో ధూపం. వేసవికి ఒక్క విద్యార్థినే తీసుకుంటుంది. మేఘన నాలుగు ఉత్తరాలు రాస్తే జవాబు లేదు. అయిదో దానికి ఒక కార్డు వచ్చింది. విద్యార్థితో పాటు ఇంటి పెద్ద కూడా రావాలి. ఇద్దరూ ధూపం పొడితో పోసిన ఒక ముగ్గు కాలేంతసేపు మాట్లాడకుండా కూర్చోవాలి. ఎవరు నోరు విప్పినా ఇద్దరూ ఇంటికి వెళ్ళిపోవాలి. అంతే ఉంది అందులో.

"ఓకే. లిన్ ఎస్ అంటే ఫాల్ నుంచి ఆర్ట్ హిస్టరీ చదువుకో. నో అంటే ఫార్మసీ. ఇంక డిస్కషన్ లేదు" అని శేఖర్ తీర్పు చెప్పేశాడు.

"ముగ్గు కాలడానికి ఎంతసేపు పడుతుందే?" అని మేఘనని అడిగాను.

"గంటా ఇరవై నిమిషాలు, పెద్దమ్మా."

సుజాత, నేను ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. శేఖర్ పన్ను పీకించుకున్న రోజున కూడా నోట్లో దూదితో మీటింగ్ నడిపాడు.

"గంటా ఇరవై ఏముందండీ వదినగారూ? మ్యూట్‌లో పెట్టుకుంటే సరి" అన్నాడు తను. పిల్ల భవిష్యత్తు తన నోటి మీద ఆధారపడి ఉందని ఆ ఇంట్లో తెలియనివాడు తనొక్కడే.

సియాటిల్: కాగితం టీవీ

సుజాతకి సెలవు దొరకలేదు. మేం ముగ్గురం బయల్దేరాం. మొదట సియాటిల్ చైనాటౌన్‌లో ఆగి, లిన్ గారికి ఉత్త చేతుల్తో వెళ్ళకూడదని ఒక ధూపాల దుకాణంలోకి వెళ్ళాం. మన ఊదొత్తులు జానెడుంటాయి. అక్కడ నా భుజం దాకా వచ్చేవి ఉన్నాయి. ఒకటి వెలిగిస్తే శ్రావణమాసం గడిచిపోతుంది. పైనుంచి దోమల చుట్టల్లాంటివి వేలాడుతున్నాయి గానీ ఒక్కోటి ఎద్దుబండి చక్రమంత ఉంది. ధర అడిగాను. ఇరవై ఎనిమిది డాలర్లన్నారు. రూపాయల్లోకి మార్చుకుని అక్కడున్న స్టూల్ మీద కూర్చున్నాను.

పక్క అరలో కాగితంతో చేసిన చొక్కాలు, కార్లు, టీవీలు. చనిపోయినవాళ్ళ పేరు చెప్పి కాలిస్తే వాళ్ళకి చేరతాయట. మనం పిండం పెట్టి కాకి కోసం ఎదురుచూస్తాం, వీళ్ళు నేరుగా టీవీయే పంపుతారు. శేఖర్ ఊరుకుంటాడా? ఆ కాగితం టీవీకి వారంటీ ఉందా అని దుకాణం ఆయన్ని అడిగాడు. ఆయన చాలా మర్యాదగా, ఇంతవరకూ ఎవరూ వెనక్కి పంపలేదని చెప్పాడు.

చివరికి ఒక డజను కమలాపళ్ళు కొన్నాం.

పోర్ట్‌లాండ్: సగం బొమ్మ

దారిలో మేఘన తండ్రికి ప్రాక్టీసు పెట్టింది. "డాడీ, స్టార్ట్" అని ఫోన్‌లో టైమర్ నొక్కింది. మొదటిసారి యాభై సెకన్లకి దారి చెప్పే జీపీఎస్ ఆడమనిషితో వాదనకి దిగాడు. రెండోసారి రెండు నిమిషాలు. ఎవడో అడ్డంగా లేన్ మారాడు. మూడోసారి నా పులిహోరలో ఉప్పు తక్కువైంది. అయిదోసారి మాత్రం నిజంగా బిగపట్టాడు. ఆ తరవాత "నాలుగు నిమిషాలు! చూశారా వదినగారూ, ఫోర్ మినిట్స్!" అని స్టీరింగ్ వదిలేసి చప్పట్లు కొట్టాడు. మేఘన కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది. దాని కళ్ళలో నీళ్ళు తిరగడం నేను చూశాను. నాకు శేఖర్ మీద ఎంత కోపం వచ్చిందో చెప్పలేను.

పోర్ట్‌లాండ్‌లో చైనా పద్ధతిలో కట్టిన తోట ఒకటి ఉంది. చెరువు, వంకర వంతెన, టీ తాగే మేడ. ఆ మేడలో గోడ మీద పొడుగాటి బొమ్మ వేలాడుతోంది. కింద చిన్న పడవ, పైన ఒక కొండ కొన. మధ్యలో మూడువంతులు ఏమీ లేదు, ఉత్త కాగితం.

"మిగతాది లోడ్ అవలేదా?" అన్నాడు శేఖర్.

నాకూ అదే అనిపించింది. మన ఇళ్ళల్లో గోడ ఖాళీగా కనిపిస్తే క్యాలెండరైనా తగిలిస్తాం.

"ఆ ఖాళీ కూడా బొమ్మే పెద్దమ్మా. ఫాగ్, వాటర్, అన్నీ అందులోనే ఉన్నాయి. ఆర్టిస్ట్ స్టాప్ చేసాడు, అంతే" అంది మేఘన.

టీ ఒక కప్పు ఆరు డాలర్లు. అందులో పాలు లేవు, పంచదార లేదు. అది కూడా ఖాళీలో భాగమే కాబోలు.

మోటెల్: ఫైరింజన్

ఆ సాయంత్రానికి ఆరెగాన్ చివర ఒక మోటెల్‌లో దిగాం. పొద్దున్నే స్నానం చేసి, మైక్రోవేవ్ మీద వెంకటేశ్వరస్వామి పటం నిలబెట్టి, కాకినాడ నుంచి తెచ్చుకున్న ఊదొత్తులు రెండు వెలిగించాను. ఓ అని పైకప్పు అరవడం మొదలెట్టింది. బిల్డింగంతా అరిచింది. తువాళ్ళు చుట్టుకున్న జనం పార్కింగ్‌లోకి పరిగెత్తారు. ఎర్ర ఫైరింజన్ వచ్చింది. అందులోంచి తలుపు పట్టనంత మనిషి గొడ్డలితో దిగి నా గదిలోకి వచ్చి, ఏం కాలుతోందని అడిగాడు. నేను స్వామిని చూపించాను. అతను హెల్మెట్ తీసి, ఒకసారి గాలి పీల్చి, చాలా బాగుంది, ఎక్కడ దొరుకుతుందన్నాడు. ఒక పాకెట్టు ఇచ్చి పంపాను.

మోటెల్ మేనేజర్ పది నిమిషాలు తిట్టాడు. శేఖర్ దానికి నలభై నిమిషాలు జవాబిచ్చాడు. కారెక్కుతూ నా అగ్గిపెట్టె లాక్కున్నాడు.

"వదినగారూ, ప్లీజ్. అక్కడ మీరు ఏదీ ముట్టుకోకండి."

తలూపాను. అప్పటికి మనస్ఫూర్తిగానే ఊపాను.

కొండ ఊరు: లిన్ గారు

బొమ్మల్లోని తావో సన్యాసుల్లా తెల్ల జుట్టు, పట్టు అంగీ ఊహించుకుంటూ వెళ్ళాను. వచ్చినావిడ నీలం ట్రాక్ ప్యాంటు, చేప బొమ్మ ఉన్న టోపీ వేసుకుంది. ఎనభై దాటాయట. మమ్మల్ని చూడగానే కమలాపళ్ళు లెక్కపెట్టుకుని, "రేపు బుధవారం. పన్నెండుకి క్యాసినో వ్యాన్ వస్తుంది. పదిన్నరకే మొదలెట్టాలి" అంది. ఆ ఊరి ముసలివాళ్ళకి ప్రతి బుధవారం వ్యాన్ వస్తుందట. ఆవిడ మూడేళ్ళుగా ఒక్క వారం కూడా మానలేదు.

గుడి మన రేషన్ షాపంత ఉంటుంది. ఎర్ర రంగు చెక్క గోడలు. లోపల నల్లటి పొడుగు గడ్డాల దేవుళ్ళు, వాళ్ళ ముందు అయిదు కప్పుల్లో టీ. కొబ్బరికాయ లేదు, తీర్థం లేదు. మూడు ధూపం పుల్లలు రెండు చేతుల్తో నుదుటి దాకా ఎత్తి గుచ్చుతారు. లిన్ గారు పుల్లల మంట నోటితో ఊదలేదు. చెయ్యి విసిరి ఆర్పింది. అది చూడగానే ఈవిడ మనావిడే అనిపించి ప్రాణం కుదుటపడింది.

నా ఊదొత్తుల పాకెట్టు ఇచ్చాను. వాసన చూసి మూడుసార్లు తుమ్మి, "సబ్బు" అని తిరిగిచ్చేసింది. నాకు చాలా అవమానం అనిపించింది. తరవాత తన డబ్బాలు తెరిచింది. 'వాన వెలిసిన కొండ', 'చలికాలపు అడవి', 'జాలరి నిద్ర'. అన్నీ ఏవో పాత బొమ్మల పేర్లే. జాలరి అనగానే చేపల వాసనకి సిద్ధపడి ముక్కు పెట్టాను. మా అమ్మ పట్టుచీరలు దాచుకున్న బీరువా తలుపు తెరిచినట్టుంది. గంధం, లవంగం, ఇంకా ఎక్కడో తడి. సబ్బన్నందుకు క్షమించేశాను.

ధూపం ముగ్గు

మర్నాడు పదింబావుకి గుడి వెనక గదిలో కూర్చున్నాం. లిన్ గారు వెడల్పాటి ఇత్తడి పళ్ళెంలో మెత్తటి బూడిద పోసి, అట్లకాడలాంటి దానితో నున్నగా చదును చేసింది. దాని మీద ఇత్తడి అచ్చు పెట్టింది. మన ముగ్గు డబ్బా మూత లాగే బెజ్జాలున్న అచ్చు. కాకపోతే చుక్కలు కావు, ఒకటే సన్నటి సందు, మెలికలు తిరిగి తిరిగి వెళ్తుంది. ఆ సందులో ధూపం పొడి నింపి, అచ్చుని టకటక కొట్టి పైకి లేపింది. తెల్లటి బూడిద మీద గోధుమరంగు మెలికల ముగ్గు. గడియారాలు లేని రోజుల్లో గుళ్ళలో ఇలాంటివి వెలిగించే పొద్దు తెలుసుకునేవారట. ఒక కొనలో అంటిస్తే నిప్పు మెల్లగా నడుచుకుంటూ రెండో కొనకి చేరుతుంది.

శేఖర్ ఫోనూ, చెవిలో బ్లూటూతూ టీ డబ్బాలో పెట్టించి మూత వేసి, అగ్గిపుల్లల కోసం ఆవిడ లోపలికి వెళ్ళింది. తండ్రీకూతుళ్ళు కుర్చీల్లో బిగుసుకుని ఒకరినొకరు చూసుకుంటున్నారు. నేను ముగ్గు చూస్తున్నాను. ఎంత పొందికగా ఉందో! ఒక్క మెలిక తప్పలేదు. కానీ అంచు దగ్గర రెండు కొనలు ఎదురెదురుగా వచ్చి అంగుళం దూరంలో ఆగిపోయాయి.

పాపం, ముసలావిడ, కళ్ళు ఆనలేదు, కలపడం మర్చిపోయింది అనుకున్నాను. గీత కలవని ముగ్గు వాకిట్లో వదిలేస్తే మా అమ్మ మమ్మల్ని బడికి వెళ్ళనిచ్చేది కాదు. పైగా పిల్లకి ఇంత ముఖ్యమైన రోజు. పక్కన గిన్నెలో మిగిలిన పొడి ఉంది. బొటనవేలు, చూపుడువేలు తమంతట తామే కదిలాయి. చిటికెడు తీసి సన్నగా వదిలాను. అతుకు కనిపించలేదు. యాభయ్యేళ్ళ అనుభవం మరి.

లిన్ గారు వచ్చింది. పుల్ల మేఘన చేతికిచ్చి, ఎక్కడ వెలిగించాలో వేలితో చూపించి, కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. మేఘన వెలిగించింది. లిన్ గారు కళ్ళు తెరవకుండానే గంట కొట్టింది.

నిప్పు రెండయింది. ఒకటి కుడివైపు, ఒకటి ఎడమవైపు బయల్దేరాయి. పొగ రెండు దారాలుగా లేచింది. అప్పుడు తెలిసింది నేను చేసిన పని. మేఘన ముందు పొగని, తరవాత నన్ను చూసింది. కళ్ళతోనే అడిగింది. నేను కళ్ళతోనే అవునన్నాను. ముగ్గురిలో ఎవరం మాట్లాడినా ఇంక ఇంటిదారే. లిన్ గారు సన్నగా గురక పెడుతోంది.

కొంచెంసేపటికి నాకు లోలోపల సంతోషమే కలిగింది. రెండువైపులా కాలితే సగం టైమే కదా. నలభై నిమిషాలు. శేఖర్ గట్టెక్కవచ్చు. పదో నిమిషంలో అతని పెదవులు కదిలాయి, శబ్దం రాలేదు. టీ డబ్బాలో ఫోన్ గర్రుమంది. పదిహేనో నిమిషంలో నుదుటి మీద చెమట. డబ్బా మళ్ళీ గర్రుమని బల్ల మీద రెండంగుళాలు జరిగింది. శేఖర్ రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాడు. ఇరవయ్యో నిమిషంలో ఇంక అయిపోయింది, అరుస్తాడనుకున్నాను. అరవలేదు. మేఘన చేతుల్ని చూస్తూ ఉండిపోయాడు. ఆ వేళ్ళ మీద అగరు నూరిన మరకలు, చిన్న చిన్న కాలిన మచ్చలు ఉన్నాయి. మేం ఎవ్వరం వాటిని అంతకుముందు సరిగ్గా చూడలేదు. తరవాత డబ్బా ఎన్నిసార్లు గర్రుమన్నా అతను అటు తిరగలేదు. పొగని చూశాడు, మళ్ళీ కూతురి చేతుల్ని చూశాడు.

రెండు నిప్పులూ ఎదురెదురుగా వచ్చి కలుసుకుని ఆరిపోయాయి. లిన్ గారు ఉలిక్కిపడి లేచి గంట కొట్టింది.

శేఖర్ ముందు ఫోన్ అందుకుంటాడని నేను పందెం కట్టేదాన్ని. అతను ఫోన్ వైపు చూడలేదు.

"అప్పుడే అయిపోయిందా?" అన్నాడు, చాలా మెల్లగా. పెళ్ళిలో బువ్వం బంతి దగ్గర నుంచి లేపేసిన పిల్లాడి మొహం పెట్టాడు.

లిన్ గారు కళ్ళజోడు పెట్టుకుని గోడ గడియారం చూసింది. పళ్ళెంలోకి వంగింది. బూడిదలో చుట్టూ ఎక్కడా తెగని గీత. "ఎవరు?" అంది.

నేను నోరు మెదపకపోతే పని అయిపోయినట్టే. మేఘన తల వంచుకుంది. అది నన్ను పట్టివ్వదు, నాకు తెలుసు. కానీ శేఖర్ మొహం చూశాక నాకు దొంగతనం చేసినట్టే అనిపించింది. దోచింది నలభై నిమిషాలు, అతని దగ్గర నుంచీ, పిల్ల దగ్గర నుంచీ.

"మేడమ్, ఐ జాయిన్డ్. వాళ్ళ తప్పు లేదు. వాళ్ళని పంపెయ్యకండి" అన్నాను. సగం మేఘన ఇంగ్లీషులో చెప్పింది.

"ఎందుకు కలిపావు?"

"మా దేశంలో ముగ్గు అలా వదలకూడదు."

"మూసేస్తే నిప్పు ఎటు పోవాలి?" అని విసుక్కుంది. ఆవిడ గడియారం వంకా, తండ్రీకూతుళ్ళ వంకా చాలాసేపు చూసింది. తరవాత ట్రాక్ ప్యాంటు జేబులోంచి ఒక పసుపుపచ్చ టికెట్టు తీసింది. "ముగ్గు మళ్ళీ పోస్తాను. వాళ్ళు మొత్తం కూర్చోవాలి. నాకు వ్యాన్ తప్పిపోతుంది. ఈ సీటు వృథా పోకూడదు. నువ్వు వెళ్ళు. నువ్వు ఈ గదిలో ఉండకూడదు."

క్యాసినో వ్యాన్

ఆ విధంగా నేను, పట్టు అంచు నేతచీర, పైన శేఖర్ పాత కోటుతో, పదకొండుమంది అమెరికా ముసలమ్మలతో కలిసి జూదానికి వెళ్ళాను. వ్యాన్ డ్రైవర్ జాబితాలో 'మిసెస్ లిన్' దగ్గర టిక్కు పెట్టుకున్నాడు. కాదని చెప్పబోయాను. అతను తలుపేసేశాడు. పక్క సీటులో డారతీ అని తొంభై ఏళ్ళావిడ. అద్దాలు సీసా అడుగంత మందం. "లిన్, నీ జుట్టు ఇవాళ ఎంత బాగుందో" అని నా జడ నిమిరింది. సాయంత్రం దాకా నేను లిన్‌నే.

తిరుపతి క్యూలో కూడా అంత భక్తిగా ఎవరూ నిలబడరు, ఆ మెషీన్ల ముందు ముసలమ్మలు కూర్చున్నంత. భోజనం టికెట్టులోనే ఉంది. నలభై రకాల్లో నేను తినగలిగినవి అన్నం, ఉడికించిన బఠాణీ, వణికే నారింజ హల్వా. నా మనసంతా ఆ గదిలోనే ఉంది. రెండోసారి శేఖర్ బిగపట్టగలడా? నిజాయితీకి పోయి పిల్ల నోట్లో మట్టి కొట్టానా? బఠాణీలు ఒక్కొక్కటే పళ్ళెం అంచున పేర్చాను. ఇంతలో మైకులో ఏదో చెప్పారు. డారతీ నన్ను కావలించుకుంది. బుధవారం లాటరీలో మిసెస్ లిన్‌కి తోడేలు బొమ్మ దుప్పటి వచ్చిందట.

వ్యాన్ తిరిగొచ్చేసరికి అయిదయింది. ముగ్గురూ గుడి మెట్ల మీద కూర్చుని కమలాపళ్ళు ఒలుచుకుంటున్నారు. ఎవరూ మాట్లాడడం లేదు. ఓడిపోయారనుకున్నాను. లిన్ గారు నన్ను చూడలేదు, దుప్పటిని చూసింది. మూడేళ్ళుగా ఆవిడ ఆ దుప్పటి కోసమే వెళ్తోందట. దాన్ని బుగ్గకి ఆనించుకుని, "అమ్మాయి ఉండొచ్చు. ఆగస్టు దాకా" అంది. తరవాత శేఖర్ వైపు గడ్డంతో చూపించి, "ఇతను కూడా ఉంటానంటున్నాడు. ఇతనొద్దు" అంది.

మళ్ళీ బాతెల్

తిరుగు ప్రయాణం రెండు రోజులు. వెనక సీటు ఖాళీ. శేఖర్ చాలా దూరం మాట్లాడలేదు. నాకు క్యాసినో సంగతులు చెప్పాలని ప్రాణం కొట్టుకుపోయింది గానీ అతని మొహం చూసి ఊరుకున్నాను. పోర్ట్‌లాండ్ దాటాక బ్లూటూత్ పెట్టుకుని మామూలు మనిషయ్యాడు. నేనూ అయ్యాను.

మర్నాడు పొద్దున్నే బాతెల్ ఇంటి డ్రైవ్‌వే మీద సుద్దముక్కతో పదిహేను చుక్కల మెలికల ముగ్గు వేశాను. ఒకచోట కలపకుండా వదిలేశాను. మేఘన వచ్చేదాకా అలా ఉండనీ అనుకున్నాను. ల్యాబ్‌కి బయల్దేరుతూ సుజాత దాని ముందు ఆగింది. నాలుగైదు రోజులుగా కూతురు లేని ఇల్లు, దాని కళ్ళ కింద నలుపు కనిపిస్తూనే ఉంది.

"ఏంటక్కా, రిటైరవగానే ముగ్గు కలపడం కూడా మర్చిపోయావా?" అని చీర కుచ్చిళ్ళలా ప్యాంటు పైకి లాక్కుని కూర్చుంది. సుద్ద తీసుకుని ఆ రెండు కొనలూ చక్కగా కలిపేసింది.

గరాజ్ తలుపు దగ్గర శేఖర్ నిలబడి ఉన్నాడు. చెవిలో ఎవరో అరుస్తున్నారు. నా వైపు చూసి వేలు పెదవుల మీద పెట్టుకున్నాడు. సుజాత కారు మలుపు తిరిగాక, బొటనవేలు తడిచేసుకుని ఆ అంగుళం మేరా మళ్ళీ చెరిపేశాను.